బొగ్గు గీతల్లో బార్బరా

న్యూరెంబర్గ్ పాత ఊళ్ళో పెగ్నిట్జ్ నది దాటాక దారి మెల్లగా ఎత్తెక్కుతుంది. ఎక్కి ఎక్కి కోటగోడ కిందికి చేరుతుంది. అక్కడ టీర్‌గార్ట్‌నర్ ద్వారం పక్కన, మూల మీద నిలబడ్డ ఇల్లు చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్‌ది. కింది అంతస్తులు ఇసుకరాతివి. పైవి కర్ర చట్రాల మధ్య నింపి పూత పూసిన గోడలు. 1420 ప్రాంతంలో కట్టిన ఆ ఇంటిని డ్యూరర్ 1509లో కొన్నాడు, 1528 ఏప్రిల్ 6న కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. ఎదురుగా రాళ్ళు పరిచిన ఖాళీ స్థలంలో సాయంత్రం అయ్యేసరికి కుర్రకారు బీరు సీసాలతో నేల మీదే చతికిలబడతారు. వాళ్ళ మధ్య ఒక పెద్ద కంచు కుందేలు. డ్యూరర్ 1502లో వేసిన ముద్దుల కుందేలును వెక్కిరిస్తూ యూర్గెన్ గోయెర్ట్స్ 1984లో చేసిన శిల్పం అది. పర్యాటకులు దానితో ఫొటో దిగి కోట మీదికి వెళ్ళిపోతారు.

నేను ఈ ఊరికి వచ్చింది కుందేలు కోసం కాదు, ఒక ముసలావిడ కోసం. 1514 మార్చిలో డ్యూరర్ తన తల్లి బార్బరాను బొగ్గుతో గీశాడు. ఆ బొమ్మ ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. దాన్ని చూసే ముందు ఆవిడ మసలిన చోటు చూడాలనిపించింది.

ఇల్లు ఇప్పుడు మ్యూజియం. డ్యూరర్ భార్య ఆగ్నెస్ వేషంలో ఒక నటి వచ్చి, ఆ కాలపు బట్టల్లో, ఆ కాలపు గయ్యాళితనంతో గదులన్నీ తిప్పి చూపించే ఏర్పాటు ఉంది. వంటిల్లు చూపిస్తారు, పై అంతస్తులో ముద్రణ యంత్రం తిప్పి చూపిస్తారు. అత్తగారి మాట మాత్రం పెద్దగా రాదు. మెట్లు ఇరుకు, చెక్కవి, కాలు పెడితే కిర్రుమంటాయి. వాటి మీద దిగుతుంటే డ్యూరర్ రాసుకున్న పుస్తకంలోని సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1513లో ఒకనాడు పొద్దున్నే అమ్మకు ఉన్నట్టుండి ప్రాణం మీదికొచ్చింది. లేచి తలుపు తీసే శక్తి లేదు. లోపలికి వెళ్ళే దారి లేక తలుపు పగలగొట్టి, ఆమెను కిందికి మోసుకొచ్చారు. చివరి సంస్కారాలు కూడా జరిపించారు. ఆమె పోలేదు. మంచం పట్టి ఇంకో ఏడాది పైన బతికింది. అప్పటికి కుటుంబం ఉన్నది ఈ ఇంట్లోనే. ఇంత ఇరుకు మెట్ల మీద మంచానపడ్డ మనిషిని ఎలా దింపారో!

బార్బరా హోల్పర్‌ది న్యూరెంబర్గ్ కంసాలి ఇల్లు. తండ్రి దగ్గర పనిచేస్తున్న, హంగరీలో పుట్టిన మరో కంసాలి, పెద్ద ఆల్బ్రెక్ట్ డ్యూరర్, 1467లో ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. అతనికి 40 ఏళ్ళు, ఆమెకు 15. మొత్తం 18 కాన్పులు. పెద్దయిన తర్వాత మిగిలిన కొడుకులు ముగ్గురే. 1502లో భర్త పోయాడు. చేతిలో ఏమీ మిగలని తల్లిని రెండేళ్ళ తర్వాత కొడుకు తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అయితే ఆవిడ మూలన కూర్చున్న మనిషి కాదు. కొడుకు చెక్కిన ముద్రల ప్రతులను తిరునాళ్ళలో పెట్టి అమ్మేది. 1506లో వెనిస్ నుంచి మిత్రుడు పిర్కైమర్‌కు రాసిన ఉత్తరాల్లో డ్యూరర్ ఆ అమ్మకాల సంగతి ఎత్తుతాడు. ప్లేగు, మరెన్నో రోగాలు, పేదరికం, ఎగతాళి, అవమానాలు, అన్నీ ఓర్చుకుందనీ, ఎవరి మీదా కక్ష పెట్టుకోలేదనీ అతనే రాశాడు. కొడుకు ఇంట్లోకి వచ్చినా బయటికి వెళ్ళినా క్రీస్తు పేరు తలిచి దీవించేదట.

ఊళ్ళోనే జర్మన్ జాతీయ మ్యూజియం ఉంది. 1852లో నెలకొల్పారు. ఒక పాత మఠాన్ని కలుపుకుని పెరిగిన పెద్ద భవనాల గుంపు. ఎర్లాంగెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు సెలవు పెట్టి తోడొచ్చాడు. 1490 ప్రాంతంలో యువకుడైన డ్యూరర్ వేసిన ఒక చిన్న వర్ణచిత్రం అక్కడ ఉంది. అందులోని స్త్రీ బార్బరాయేనని 1970ల చివర్లో గుర్తించారు. దీనికి జత, తండ్రి చిత్తరువు, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీలో ఉంది. ఇద్దరి చేతుల్లోనూ జపమాలలు.

"ఈ పూసలు దేనికి పిన్నీ?" అన్నాడు మావాడు.

"భక్తికి గుర్తు."

"ఆ తెల్ల తలగుడ్డ?"

"పెళ్ళయిన ఇల్లాలని."

"అంటే ఒక్కోదానికీ ఒక్కో అర్థం రాసిపెట్టి ఉంటుందన్నమాట. మరి ముఖం దేనికి గుర్తు?"

నవ్వేసి పక్క గదిలోకి నడిచాం గానీ అడగాల్సిన ప్రశ్నే అది. ఈ బొమ్మలో బార్బరాకు నలభై లోపే. ముఖం నునుపుగా, పొందికగా, కాస్త బిగుసుకుని ఉంది. ఇంటి గోడకు ఎక్కాల్సిన బొమ్మ కాబట్టి కుటుంబ గౌరవం దానికి ముఖ్యం. కూర్చున్న తీరులో, చేతిలోని మాలలో, తలకు చుట్టిన బట్టలో ఉన్నదంతా హోదా. మనిషి ఎలాంటిదో ఆ ముఖాన్ని చూసి చెప్పడం కష్టం.

ముసలి ముఖాల లెక్క వేరు. ఆ కాలపు చిత్రకారుల చేతిలో ముసలి స్త్రీ ముఖం దాదాపు ఎప్పుడూ ఏదో ఒకదానికి గుర్తుగానే పనికొచ్చేది. డ్యూరర్ కూడా ఆ పని చేశాడు. 1507లో ఒక యువకుడి చిత్తరువు వేసి, అదే చెక్క వెనక వైపు ఒక ముసలిదాన్ని వేశాడు. వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియంలో ఉందది. జారిన రొమ్ము, ఊడగా మిగిలిన పళ్ళతో ఇకిలింపు, చేతుల్లో బంగారు నాణేల సంచి. పేరు పిసినారితనం. దాదాపు అదే కాలంలో వెనిస్‌లో జోర్జోనే వేసిన ముసలావిడ చేతిలో ఒక కాగితం ముక్క ఉంటుంది, కాలం గడిస్తే ఇంతే సుమా అని అర్థం వచ్చే రెండు మాటలతో. 1569 నాటి ఒక ఆస్తుల జాబితా ఆ బొమ్మను జోర్జోనే తల్లిదని చెబుతోంది. తల్లే కావచ్చు, కాకపోవచ్చు. చేతిలో ఆ కాగితం పెట్టాక మాత్రం ఆవిడ ఎవరి తల్లీ కాదు, కాలమహిమకు ప్రకటన. డ్యూరర్ 1505 నుంచి 1507 దాకా వెనిస్‌లో ఉన్నాడు. ముడతలతో నీతిపాఠం చెప్పే ఈ విద్య అతనికి కొత్తేమీ కాదు.

న్యూరెంబర్గ్ నుంచి బెర్లిన్‌కు వేగపు రైల్లో సుమారు మూడు గంటలు. 2017 డిసెంబరులో కొత్త పట్టాల మార్గం తెరిచాక ప్రయాణం ఇలా కుదించుకుపోయింది. తురింగియా కొండల్లో వరసగా సొరంగాలు. వెలుతురు వచ్చి పోతూ వచ్చి పోతూ ఉంటుంది. ఎర్ఫుర్ట్, హాలె దాటాక నేల చదునైపోయి గాలిమరలు మొదలవుతాయి. బెర్లిన్‌లో పోట్స్‌డామర్ ప్లాట్జ్‌కు కాస్త పడమరగా కల్చర్‌ఫోరమ్ అనే ప్రాంగణం ఉంది. ఒక పక్క సంగీతశాల బంగారు రంగు గోడలు, మధ్యలో మాథ్యూ చర్చి, వాటి నడుమ మ్యూజియంలు. అందులో ఒకటి కుప్‌ఫర్‌స్టిష్‌కాబినెట్. కాగితం మీది కళకే అంకితమైన సంగ్రహాలయం. ముద్రలు 5 లక్షలకు పైగా, రేఖాచిత్రాలు లక్షకు పైగా. ఇన్ని ఉన్నా గోడ మీద శాశ్వతంగా వేలాడేది ఏదీ ఉండదు. వెలుతురు కాగితానికి శత్రువు. పెట్టెల్లో, చీకట్లో భద్రపరుస్తారు. చూడాలంటే అధ్యయన మందిరానికి ముందుగా రాసి, ఎందుకో చెప్పి, పిలిచిన రోజున వెళ్ళాలి. నేనూ అలాగే వెళ్ళాను. కలం లోపలికి రానివ్వరు, పెన్సిలే. గది నిండా పొడవాటి బల్లలు, వాటి మీద వంగిన తలలు. ఉద్యోగిని అట్టచట్రంలో బిగించిన బొమ్మను తెచ్చి, ముందున్న వాలుబల్ల మీద నిలబెట్టి వెళ్ళింది.

42 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు. పుస్తకాల్లో అచ్చులో చూసినప్పుడు ఇంత పెద్దదని తెలియదు. ముఖం నిజమైన ముఖానికి దగ్గర కొలతలోనే ఉన్నట్టు అనిపిస్తుంది, దాంతో మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

మొదట కనిపించేది ఎముక. నుదురు కింద ఎముక, చెంప కింద ఎముక, మెడ దిగువన పొడుచుకొచ్చిన కంటె ఎముకలు. చర్మం వాటి మీద కప్పిన పల్చటి బట్ట. మెడలో నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. నుదుటి మీద గీతలు అడ్డంగా పోయి, కనుబొమల పైన వంపు తిరుగుతాయి. ముక్కు పొడవు, కొస సూది. పెదవులు లోపలికి బిగబట్టి ఉన్నాయి. అది కోపం కాదు, ఏదో నొప్పిని పైకి రానివ్వని అలవాటు. తలగుడ్డను, భుజాలను నాలుగు వెడల్పు గీతల్లో తేల్చేశాడు. ఒళ్ళు ఉందో లేదో అన్నట్టుంటుంది. గీతలన్నీ గుమిగూడింది ముఖంలోనే. బట్ట మీద చెయ్యి వేగంగా పరుగెత్తింది. ముఖం మీదికి వచ్చేసరికి ఆగింది, నొక్కింది, మళ్ళీ వెనక్కి వెళ్ళి సరిచూసుకుంది. చూసే మనకు ఆ వేగం మారడం తెలుస్తూనే ఉంటుంది.

తర్వాత కళ్ళు. పెద్దవి, బయటికి పొంగినట్టున్నవి. అవి మనల్ని చూడవు, కొడుకునూ చూడవు. కాసేపు చూస్తే ఇంకోటి తెలుస్తుంది. రెండూ ఒకే చోట నిలవడం లేదు. ఒక కంటి చూపు ఇంకోదాని నుంచి విడివడి పక్కకు పోతోంది. దీన్ని మెల్ల అన్నవాళ్ళున్నారు. భయం అన్నవాళ్ళున్నారు, చావును ముందే చూస్తోంది అన్నవాళ్ళున్నారు. నాకైతే వైద్యం, వేదాంతం రెండూ అక్కర్లేదనిపించింది. చాలాసేపు ఒకే భంగిమలో కూర్చోబెట్టిన జబ్బు మనిషి చూపు అలాగే ఉంటుంది. కొడుకు గీస్తున్నాడు కాబట్టి కదలకుండా కూర్చుంది. మనసు మాత్రం గదిలో లేదు.

ఎంచుకున్న సాధనం కూడా ఆలోచింపజేస్తుంది. డ్యూరర్ 13వ ఏట అద్దంలో చూసుకుని వేసుకున్న తన బొమ్మ వియన్నాలోని అల్బర్టీనాలో ఉంది. అది వెండిపుల్లతో గీసింది. పూత పూసిన కాగితం మీద వెండి మొనతో గీస్తే సన్నటి గీత పడుతుంది, పడ్డాక చెరగదు. తప్పు జరిగితే దాచుకోలేం. కంసాలి కొడుక్కి తగిన పనిముట్టు. బొగ్గు దానికి తలకిందులు. వేలితో రాస్తే పోతుంది, ఊదితే రాలుతుంది. కానీ వెడల్పుగా, నల్లగా, ఒక్క ఊపులో ముఖాన్ని పట్టడానికి అంతకు మించింది లేదు. 1503 నుంచీ డ్యూరర్ దగ్గరివాళ్ళ ముఖాలను పెద్ద కొలతలో పట్టుకోవడానికి బొగ్గునే నమ్ముకున్నాడు. పిర్కైమర్‌ను అలాగే గీశాడు. నిలవని వస్తువుతో, నిలవని మనిషిని గీశాడని అనేయడం సులువే. కానీ జబ్బు మనిషిని ఎక్కువసేపు కూర్చోబెట్టలేక త్వరగా పనయ్యేదాన్ని తీసుకున్నాడన్నది అంతకన్నా నమ్మదగ్గ మాట.

బొమ్మ పై భాగంలో రాతలు ఉన్నాయి. బొగ్గుతో సంవత్సరం, రోజు: 1514, ఓకులీ ఆదివారం. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో మూడో ఆదివారానికి చర్చి పెట్టిన పేరది. ఆనాటి కీర్తన కళ్ళను దేవుడి వైపు నిలిపి ఉంచడం గురించి మొదలవుతుంది. అంటే మార్చి 19. ఇది ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తల్లి, వయసు 63 అని మరో రాత. ఆ కాలపు నమ్మకంలో 63 మామూలు వయసు కాదు. ఏడుతో తొమ్మిదిని హెచ్చిస్తే వచ్చే వయసు, పెద్ద గండం. దానికి కింద రంగు మారుతుంది. బొగ్గు కాదు, సిరా. సిలువల వారానికి ముందు మంగళవారం చనిపోయిందని, ఏ వేళకో కూడా చేర్చి రాశాడు. అంటే మే 16. బొమ్మకూ ఆ సిరా రాతకూ మధ్య రెండు నెలలు.

పొలాలు పండాలని సిలువలు పట్టుకుని ఊరేగే వారం సిలువల వారం. బార్బరా తలుపు పగలగొట్టాల్సి వచ్చింది 1513లో ఆ వారానికి ముందు మంగళవారమే. ఆమె పోయిన 1514 నుంచి 43 ఏళ్ళ వెనక్కి వెళ్తే ఇంకో మంగళవారం ఉంది. 1471 మే 21న, సిలువల వారంలోని మంగళవారం ఆరో గంటకు ఆల్బ్రెక్ట్ పుట్టాడని తండ్రి రాసిపెట్టాడు. 18 మంది బిడ్డలు పుట్టిన రోజు, ఘడియ, జ్ఞానపితల పేర్లతో సహా ఆ కంసాలి ఒక పుస్తకంలో ఎక్కించేవాడు. కొడుకు దాన్ని నకలు చేసుకున్నాడు. ఆ ఇంట్లో ప్రేమను చెప్పే తీరే అది: ఏ రోజు, ఏ గంట, ఏ పండుగకు ముందు. తల్లి బొమ్మ మీద సిరాతో రాసిన మాట ఆ పద్దుపుస్తకంలో పడిన చివరి పద్దు. జపమాల పట్టించలేదు, పుర్రె పెట్టలేదు, ఇసుక గడియారం పెట్టలేదు. తేదీ వేశాడు.

ఇవేవీ పెట్టడం చేతకాక కాదు. 1513లో చెక్కిన గుర్రపు యోధుడి ముద్రలో చావు చేతిలో ఇసుక గడియారం ఉంటుంది. తల్లి పోయిన 1514లోనే చెక్కిన మెలెంకోలియాలో త్రాసు, గంట, గడియారం, అంకెల చదరం, ఇంకా ఎన్నో. ఆ చదరం కింది వరసలో 15, 14 పక్కపక్కన కూర్చుని సంవత్సరం చెబుతాయి. ఎటు కూడినా 34 వస్తుంది. 500 ఏళ్ళుగా పండితులు విప్పుతున్నా ఆ ముద్ర తరగలేదు. గుర్తులను గుట్టలుగా పోయగలవాడు, అదే ఏడాది తల్లి ముందు కూర్చుని ఒక్కటీ తీయలేదు.

ఏడేళ్ళ తర్వాత ఆంట్‌వెర్ప్‌లో 93 ఏళ్ళ వృద్ధుణ్ణి గీశాడు. 1521 నాటి ఆ బొమ్మ అల్బర్టీనాలో ఉంది, చూసినవాళ్ళు మరిచిపోలేరు. కానీ ఆ తాత అక్కడితో ఆగలేదు. వర్ణచిత్రంలో పుర్రె మీద వేలు పెట్టిన సెయింట్ జెరోమ్ అయ్యాడు. తాత ముఖం ఒక పెద్ద పనికి ముడిసరుకు. తల్లి ముఖాన్ని డ్యూరర్ అలా ఏ సాధ్వికీ అరువివ్వలేదు. ఈ బొమ్మ దేనికీ చిత్తుప్రతి కాదు. ఇక్కడే మొదలై ఇక్కడే అయిపోయింది.

డ్యూరర్ స్మృతుల పుస్తకంలో మనదాకా మిగిలిన ఒకే ఒక్క కాగితం కూడా ఈ సంగ్రహాలయం సొత్తే. తల్లి చివరి ఘడియలు అందులోనే ఉన్నాయి. చావంటే భయపడింది గానీ దేవుడి ముందు నిలబడడానికి భయం లేదని చెప్పిందట. చాలాసేపు మాట లేకుండా ఉండి, పవిత్ర జలం అడిగిందట. ఏదో భయంకరమైనది ఆమెకు కనబడి ఉంటుందని కొడుకు అనుకున్నాడు. చావు గుండె మీద రెండుసార్లు గట్టిగా కొట్టడం చూశానన్నాడు. ప్రార్థనలు తనే చదివి వినిపించాడు. ఆ తర్వాత ఒక మాట: పోయాక ఆమె ముఖం బతికున్నప్పటికన్నా ఎంతో చక్కగా ఉందట.

ఆ చక్కటి ముఖాన్ని అతను గీసినట్టు లేదు. గీసి ఉంటే అది ఇంకొక గుర్తు అయ్యేది, శాంతికో మోక్షానికో. అతను దాచిపెట్టింది రెండు నెలల ముందు నాటి ముఖాన్ని. 18 కాన్పులు, ప్లేగు, ఎగతాళి, తిరునాళ్ళలో అమ్మకాలు, ఏడాది మంచం అన్నీ ఉన్న ముఖం. సిరా రాతను ఆ ముఖం పక్కనే చేర్చాడంటే, అమ్మగా గుర్తుంచుకోవాల్సింది దీన్నేనని తేల్చుకున్నట్టే.

బయటికొచ్చి అదే ప్రాంగణంలోని చిత్రశాలలో డ్యూరర్ 1526లో వేసిన హోల్జ్‌షూహర్ చిత్తరువు చూశాను. న్యూరెంబర్గ్ పెద్దమనిషి. గడ్డంలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. కంటిపాపల్లో కిటికీ చట్రం ప్రతిఫలిస్తుంది. ఎంత గొప్ప పనితనమో! అయినా ఆయన తనను చూస్తారని తెలిసి కూర్చున్నాడు. బార్బరా చూస్తారని కూర్చోలేదు, కొడుకు కూర్చోమన్నాడని కూర్చుంది.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. బొమ్మ మీద అంత రాశాడు, పండుగ రాశాడు, వారం రాశాడు, వేళ రాశాడు, వయసు రాశాడు. పేరు రాయలేదు. తల్లికి అతని పేరే ఆనవాలు: ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తల్లి. మన ఊళ్ళల్లో ఒక వయసు దాటిన ఆడవాళ్ళు ఫలానావాళ్ళమ్మగానే బతికి, పేరు ఎవరికీ తెలియకుండానే పోయినట్టు. పిసినారితనం కాకుండా, కాలమహిమ కాకుండా, సాధ్వి కాకుండా ఆమె ముఖాన్ని కాపాడిన కొడుకు, అమ్మ కాకుండా కూడా ఆమె ఎవరో ఒకరని రాతలో ఒప్పుకోలేకపోయాడు. గీతలో ఒప్పుకున్నాడు. ఎటో పోతున్న ఆ చూపులో కొడుక్కి అందని మనిషి ఉంది. తనకు అర్థం కానిదాన్ని సరిదిద్దకుండా అలాగే వదిలేశాడు. డ్యూరర్ తెలివి నాకు మెలెంకోలియా అంకెల్లో కన్నా ఇక్కడే ఎక్కువ కనిపించింది.